కొలతలున్న అర్జీ కదులుతుంది: సొంతింటికీ, పేట బాగుకీ మున్సిపాలిటీతో పని చేయించుకునే తీరు

విజయవాడలో కొండ మీదున్న ఒక పేటలో నేను చాలా ఏళ్లు పొదుపు సంఘాల ఆర్పీగా (రిసోర్స్ పర్సన్‌గా) పనిచేశాను. అంతకుముందు మా ఎస్‌ఎల్‌ఎఫ్ (పేటలోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సమాఖ్య) అధ్యక్షురాలిని. ఇంటి స్థలం అర్జీ అయినా, టిడ్కో ఇల్లయినా (పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టే ఫ్లాటు), మెట్ల దారి పక్కన కాలువయినా, పేటలో ఆడవాళ్లు ముందు మా గడపే ఎక్కేవాళ్లు. వాళ్లకు నోటితో చెబుతూ వచ్చిందే ఇప్పుడు రాసి పెడుతున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు సరిపోతుంది. తెలంగాణలో పథకాల పేర్లు, డబ్బు లెక్క వేరు. అక్కడ ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు నాలుగు దశల్లో ఇస్తున్నారు. అర్జీ, అంచనా, మంజూరు అనే దారి మాత్రం అక్కడా ఇంచుమించు ఇదే.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటుంది. "మా వీధి బాగాలేదు సార్, దయచేసి పట్టించుకోండి" అన్న అర్జీ బల్ల మీదే ఉండిపోతుంది. "వాటర్ ట్యాంకు దగ్గర్నుంచి రామాలయం మలుపు దాకా 85 మీటర్లు, కాలువ లేదు, 42 ఇళ్ల నీళ్లు దారి మీదే పారుతున్నాయి" అన్న అర్జీ ఇంజనీరు చేతికి వెళ్తుంది. ఇంటి దరఖాస్తుకూ ఇదే వర్తిస్తుంది. మీ పేరు, స్థలం, ఆదాయం ప్రతి కాగితం మీదా ఒకేలా ఉండాలి. మన కష్టం నిజమే, దాన్ని చెప్పుకోవాలి కూడా. కానీ దానికి ఒక కొలత, ఒక నంబరు ఉన్నప్పుడే ఫైలు కదులుతుంది.

పథకం రాకముందే ఫైలు సిద్ధం చేసుకోండి

ఇళ్ల దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలియగానే వార్డు సచివాలయం ముందు జనం కిక్కిరిసిపోతారు. చాలామందికి ఆ వారంలోనే ఆధార్‌లో ఇంటిపేరు తప్పుందని, ఫోను నంబరు లింకు కాలేదని తెలుస్తుంది. ఆధార్ సెంటర్‌లో దాన్ని సరిచేయించుకుని వచ్చేసరికి గడువు అయిపోతుంది. అందుకే ఏ పథకమూ లేని రోజుల్లోనే ఈ పని పూర్తి చేసుకోండి.

ముందు ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, స్థలం కాగితం ఒకే చోట పరిచి పేర్లు చదవండి. పెళ్లయిన ఆడవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు, పట్టాలో ఇంటిపేరే లేకుండా ఉత్త పేరు ఉంటాయి. కేంద్రం ఇచ్చే ఇంటిని ఆడవాళ్ల పేరున, లేదా భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వడానికే మొగ్గు చూపుతారు. కాబట్టి ఇంట్లో ముందు సరిచేయాల్సింది అమ్మ పేరే.

రెండోది బ్యాంకు ఖాతా. "ఆధార్ లింకు అయింది" అని బ్యాంకులో చెప్పినా డబ్బు పడని ఖాతాలు చాలా చూశాను. ఆధార్ జిరాక్సు ఇచ్చి కేవైసీ చేయించుకోవడం ఒక పని, ప్రభుత్వం వేసే డబ్బు ఈ ఖాతాలోనే పడాలని ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర మ్యాపింగ్ చేయించుకోవడం ఇంకో పని. బ్యాంకుకు వెళ్లినప్పుడు "డీబీటీకి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఏ ఖాతాకు ఉందో చూడండి" అని ఆ మాటలే వాడి అడగండి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు డబ్బు ఎప్పుడో మర్చిపోయిన ఖాతాలో పడుతుంటుంది.

మూడోది సచివాలయం రికార్డులో మీ కుటుంబం ఎలా నమోదైందన్నది. దీన్ని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లిదండ్రుల కుటుంబంలోనే ఉంటే, తమ్ముడి ప్రభుత్వోద్యోగమో నాన్న పేరున్న కారో ఇతనికి అడ్డం పడుతుంది. ఆరంచెల పరిశీలన అని మనవాళ్లు చెప్పుకునేది ఇదే. ఆదాయంతోపాటు భూమి, కరెంటు వాడకం, ప్రభుత్వోద్యోగం, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, పట్టణంలో ఆస్తి, ఇవన్నీ కుటుంబం మొత్తానికి కలిపి చూస్తారు. ఆటో, టాక్సీ, ట్రాక్టర్ ఉంటే అడ్డం కాదు, సొంత కారు అడ్డమే. కరెంటు సంగతి మరీ చూసుకోండి. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే పక్కన పెట్టేస్తారు. అద్దెకున్నవాళ్ల ఆధార్‌కు ఓనరు ఇంటి మీటరు ముడిపడి ఉంటే, వాడని కరెంటు లెక్కంతా వాళ్ల మీద పడుతుంది. సచివాలయంలో మీ ఆధార్ మీద ఎన్ని మీటర్లు చూపిస్తున్నాయో అడిగి తెలుసుకోండి. మీది కాని మీటరుంటే కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి తీయించండి, ఆ రసీదు ఫైల్లో పెట్టుకోండి.

వీటితోపాటు ఆదాయ ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ, కుటుంబంలో అందరి ఆధార్ జిరాక్సులు ఉండాలి. ఆధార్‌కు లింకైన సిమ్ము మీ ఫోన్లోనే ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది. ఊళ్లో లేని కొడుకు నంబరు ఇచ్చి దరఖాస్తు రోజున వాడికి ఫోన్లు చేస్తూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

స్థలం కాగితం ఏదన్నది తేల్చుకోండి

ఇది తేలకుండా ఏ పథకంలో దరఖాస్తు పెట్టాలో తెలియదు.

రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే ఇబ్బంది లేదు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా ఉన్నా సరే. మా వైపు చాలామంది దగ్గర బీ-ఫారం పట్టాలో డి-పట్టాలో (ప్రభుత్వం కేటాయించిన స్థలానికి ఇచ్చే కాగితాలు) ఉంటాయి. పట్టాలో ఉన్న పేరే మీదైతే, లేదా మీ అత్తామామలదై వారసులుగా మీరుంటే దారి దొరుకుతుంది. ఎవరి దగ్గరో తెల్లకాగితం మీద కొనుక్కున్న పట్టా అయితే జాగ్రత్తపడాలి. ప్రభుత్వం ఇచ్చిన భూమి చేతులు మారడం మీద 1977 నాటి చట్టం ఉంది. అలాంటి స్థలాలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంటాయి. ఇల్లు మంజూరవుతుందని ఎవరో చెప్పిన మాట నమ్మి ఆ స్థలంలో పునాది తీయకండి. ముందు తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబరు చెప్పి, ఆ స్థలం ఏ ఖాతా కింద ఉందో అర్జీ పెట్టి రాతలో తెలుసుకోండి.

చాలామంది ఇంటి పన్ను రసీదు చూపించి "ఇది మాదే కదా" అంటారు. పన్ను రసీదు, కరెంటు బిల్లు, కుళాయి బిల్లు మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి, హక్కును చెప్పవు. అయినా వాటిని పారేయొద్దు. పోరంబోకు స్థలాలను క్రమబద్ధీకరించేటప్పుడు ఎన్నేళ్లుగా ఉంటున్నారో చూపించడానికి పనికొచ్చేవి ఆ పాత బిల్లులే. ఎంత పాతదైతే అంత విలువ. మా పేటలో కరెంటు బిల్లులను కిరాణా కొట్టు చిట్టీల్లా మేకుకు గుచ్చి ఉంచే అలవాటుండేది. వానకు తడిసి అక్షరాలు పోయేవి. ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, ఫోన్లో ఫొటో కూడా తీసి ఉంచండి.

పట్టా లేకుండా కొండ మీద, కాలువ గట్టు మీద, రైల్వే స్థలంలో ఉన్నవాళ్లకు సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే సాయం రాదు. వాళ్లు వేరే చోట ఇంటి స్థలానికో, కట్టిన ఫ్లాటుకో అర్జీ పెట్టుకోవాలి. ఆ మాట చెప్పినప్పుడు చాలామంది ముఖాలు చిన్నబోయేవి. పని, బడి, ఆసుపత్రి అన్నీ దగ్గరున్న చోటు వదిలి వెళ్లడం చిన్న విషయం కాదు. జక్కంపూడికో ఇంకో కాలనీకో వెళ్లే ముందు ఒక రోజంతా అక్కడ గడిపి రండి. బస్సు ఎన్నింటికి ఉందో, నీళ్లు ఎలా వస్తున్నాయో, మీ పని చోటుకు రానుపోను ఎంతవుతుందో చూసుకోండి. ఇంట్లో ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి వెళ్తుంటే ఆ బస్సు ఖర్చే నెల జీతంలో పెద్ద ముక్క తినేస్తుంది.

ఏ తలుపు మీది

ఇప్పుడు పట్టణాల్లో నడుస్తున్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ రెండో విడత. మొదటిది 2015 జూన్‌లో మొదలైంది, రెండోది 2024 సెప్టెంబరు 1 నుంచి అయిదేళ్లకు పెట్టారు. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. దేశంలో ఎక్కడా మీకు పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకంలోనూ ఇల్లు పొంది ఉండకూడదు. ఏడాది ఆదాయం 3 లక్షల్లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ (బాగా పేదలు), 6 లక్షల దాకా ఎల్ఐజీ (తక్కువ ఆదాయం), 9 లక్షల దాకా ఎంఐజీ (మధ్య తరగతి).

సొంత స్థలం ఉన్న ఈడబ్ల్యూఎస్ కుటుంబానికి బీఎల్‌సీ అనే పద్ధతి ఉంది. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష ఇస్తాయి. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల మధ్య ఉండాలి. అంటే సుమారు 323 నుంచి 484 చదరపు అడుగులు. స్థలం లేనివాళ్లకు కట్టిన ఫ్లాటు ఇచ్చే పద్ధతి, అద్దె ఇళ్ల పద్ధతి ఉన్నాయి. చిన్న ఉద్యోగం చేస్తూ బ్యాంకు లోనుతో ఇల్లు కొనుక్కునేవాళ్లకు వడ్డీ రాయితీ ఉంది. 35 లక్షల్లోపు ఇల్లు, 25 లక్షల్లోపు లోను అయితే, అందులో మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల దాకా 4 శాతం రాయితీ. మొత్తం 1.80 లక్షలకు మించకుండా అయిదు వాయిదాల్లో లోను ఖాతాకే జమ అవుతుంది. మధ్యలో లోను మూసేస్తే మిగతా వాయిదాలు రావు.

వితంతువులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్లు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు ముందు చోటు ఇవ్వాలని మార్గదర్శకాల్లోనే ఉంది. పారిశుధ్య కార్మికులు, స్వనిధి లోను తీసుకున్న తోపుడుబండివాళ్లు, భవన నిర్మాణ కార్మికులు, అంగన్‌వాడీ కార్యకర్తల మీద ప్రత్యేక దృష్టి పెట్టాలనీ ఉంది. మీరు వీటిలో ఏదైనా అయితే ఆ కాగితం తప్పక జతచేయండి. పూల బండి పెట్టుకున్న ఒకామె స్వనిధి కాగితం ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టుకుని, ఉత్త దరఖాస్తుతో వచ్చింది. అడిగితేగానీ దాని సంగతి చెప్పలేదు.

దరఖాస్తును కేంద్రం పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు, సచివాలయంలోనూ పెట్టించుకోవచ్చు. ఎలా పెట్టినా చివర్లో వచ్చే దరఖాస్తు నంబరును కాగితం మీద రాసుకోండి. తర్వాత వార్డు స్థాయిలో విచారణ చేస్తారు. స్థలం చూసి ఫోన్లో ఫొటో తీసి జియోట్యాగ్ చేస్తారు, అంటే ఫొటోకు ఆ చోటి గుర్తు జతచేస్తారు. ఆ రోజు మీరు ఇంటి దగ్గర ఉండాలి. పక్కింటి గోడ ముందు నిలబెట్టి ఫొటో తీస్తే తర్వాతి దశలో చోటు సరిపోక బిల్లు ఆగుతుంది. కాబట్టి స్థలం నాలుగు మూలలూ మీరే చూపించండి.

మంజూరయ్యాక డబ్బు ఒకేసారి రాదు. హౌసింగ్‌వాళ్లు బీబీఎల్, బీఎల్, ఆర్‌ఎల్, ఆర్‌సీ అని రాసుకుంటారు. బీబీఎల్ అంటే పునాది మట్టం దాకా రానిది, బీఎల్ అంటే బేస్‌మెంట్, ఆర్‌ఎల్ అంటే గోడలు పైకప్పు ఎత్తుకు లేచినది, ఆర్‌సీ అంటే శ్లాబు పడినది. దశ పూర్తయ్యాక ఫొటో ఎక్కితేనే ఆ దశ డబ్బు. అంటే ప్రతి దశా ముందు మీ చేతి డబ్బుతో చేయాలి. ఇక్కడ నా సలహా గట్టిగానే చెబుతాను. పునాది పెద్దగా తీయకండి. ఎలాగూ కడుతున్నాం కదా, రెండు గదులు ఎక్కువ వేద్దాం అని బంధువులు చెబుతారు. సగం డబ్బు పునాదిలోనే పోతుంది. అలా బేస్‌మెంట్ దగ్గర ఆగి గడ్డి మొలిచిన ఇళ్లు ప్రతి కాలనీలో కనబడతాయి. మేస్త్రీతో ముందే శ్లాబు పడేదాకా లెక్క వేయించండి, రెండున్నర లక్షలు పోను మీరు పెట్టాల్సింది ఎంతో రాసుకోండి. అది పొదుపు సంఘం లోనులో వస్తుందా, బంగారం పెట్టాలా అన్నది గడ్డపార వేయకముందే తేలాలి. పైకి ఇంకో అంతస్తు తర్వాత వేసుకునేలా స్తంభాలు వదిలి చిన్న ఇల్లు పూర్తి చేసుకున్నవాళ్లే నిశ్చింతగా ఉన్నారు.

టిడ్కో ఫ్లాట్ల గురించి కొంచెం చెబుతాను. జీ ప్లస్ త్రీ (కింది అంతస్తు, పైన మూడు అంతస్తులు) బ్లాకులు, 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. 365, 430 అడుగుల ఇళ్లకు బ్యాంకు లోను కూడా ఉంటుంది. మీ పేరున లోను పెట్టేటప్పుడు కంతు ఏ నెల నుంచి మొదలవుతుందన్న గీతను చదివించుకోండి. ఇల్లు చేతికి రాకముందే కంతులు మొదలైతే ఇటు అద్దె, అటు బ్యాంకు రెండూ మీద పడతాయి. ఇలాంటి ఇబ్బంది ఎన్నో కుటుంబాలకు వచ్చిందని పత్రికల్లోనూ వచ్చింది. తాళం తీసుకునే రోజున కుళాయి తిప్పి, మరుగుదొడ్డిలో నీళ్లు పోసి చూశాకే సంతకం పెట్టండి. ఆ తర్వాత బ్లాకులో అందరూ కలిసి సంఘంగా ఏర్పడండి. మోటారు, మెట్ల లైటు, సెప్టిక్ ట్యాంకు ఎవరి ఒక్కరివీ కావు. నెలనెలా కొంచెం పోగేయకపోతే మోటారు కాలిన రోజున పై అంతస్తు వరకు బిందెలతో మోయాలి.

పేట పని: ఎవరిని అడగాలి

ఇల్లు ఒక కుటుంబానిది, కాలువ వీధి అంతటిది. అందుకే కాలువ కోసం ఎవరూ సెలవు పెట్టరు. ఈ బాధ్యతను సంఘం తీసుకోవాలి. ఎస్‌ఎల్‌ఎఫ్ నెల మీటింగులో తీర్మానం రాసి, సభ్యుల సంతకాలు పెట్టిస్తే అది పదిమంది మాట అవుతుంది.

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో సెక్రటరీ ఉంటారు. రోడ్డు, కాలువ, నీళ్లు, వీధిలైటు అయితే ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త, పూడిక అయితే శానిటేషన్ సెక్రటరీ. ఇంటి ప్లాను, ఆక్రమణ అయితే ప్లానింగ్ సెక్రటరీ. పింఛను, ఇల్లు, సంఘాలు అయితే వెల్ఫేర్ సెక్రటరీ. ఈ మధ్య సచివాలయాల్లో పోస్టులను సర్దారు కాబట్టి ఒకే మనిషి రెండు పనులు చూస్తుండొచ్చు. కార్పొరేషన్‌లో పేదల పనులు చూసే విభాగాన్ని యూసీడీ సెక్షన్ అంటారు. ఇది కొత్తది కాదు. హైదరాబాద్‌లో 1967లో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పనే మన ఊళ్లకూ వచ్చింది. పేటల్లో కుళాయిలు, మెట్లు, మరుగుదొడ్లు ఆ తరంలో చాలా వరకు దాని చలవే.

పూడిక తీయించడం, లైటు మార్పించడం లాంటి చిన్న పనులకు ఫోనూ ఫొటో చాలు. పురమిత్ర యాప్‌లో పెట్టినా, మన మిత్ర వాట్సాప్‌లో పెట్టినా నంబరు వస్తుంది. స్తంభం మీదున్న నంబరు ఫొటోలో పడేలా తీయండి. కొత్త కాలువ, రోడ్డు, రిటైనింగ్ వాల్ (కొండ మట్టి జారకుండా ఆపే గోడ) లాంటివి మాత్రం ఫోనుతో కావు. వాటికి అంచనా కావాలి.

అర్జీ రాసే ముందు టేపు పట్టుకుని వీధి కొలవండి. పిల్లల్ని తోడు తీసుకోండి, వాళ్లకు సరదా, మీకు సాయం. పొడవు, ఇరుకైన చోట వెడల్పు, ఎన్ని ఇళ్లు, నీళ్లు చివరికి ఎక్కడ కలవాలి అన్నవి రాసుకోండి. వాన పడుతున్నప్పుడు ఒక ఫొటో, ఎండలో ఒక ఫొటో తీయండి. అర్జీ ఇంత ఉంటే చాలు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, ఫలానా డివిజన్, ఫలానా వీధి నివాసులు రాయునది. వాటర్ ట్యాంకు నుంచి రామాలయం మలుపు వరకు 85 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల మెట్ల దారికి కాలువ లేదు. 42 ఇళ్ల వాడకం నీరు, కొండ మీది వాన నీరు దారి మీదుగా పారుతున్నాయి. కింది రోడ్డు పక్కనున్న పెద్ద కాలువలో కలిపేందుకు వీలుంది. స్థలం పరిశీలించి అంచనా తయారు చేయించగలరు. ఫొటోలు, ఎస్‌ఎల్‌ఎఫ్ తీర్మానం, నివాసుల సంతకాలు జతపరిచాము."

రోడ్డునూ కాలువనూ వేర్వేరు అర్జీలుగా పెట్టండి. మున్సిపాలిటీకి వచ్చే డబ్బు ఒకే సంచిలో ఉండదు. సాధారణ నిధులు వేరు, ఆర్థిక సంఘం నిధులు వేరు, ఎస్సీ ఎస్టీలు ఎక్కువగా ఉన్న పేటలకు సబ్ ప్లాన్ నిధులు వేరు. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధి ఉంటుంది. ఆర్థిక సంఘం డబ్బులో పెద్ద వాటాను నీళ్లకు, పారిశుధ్యానికే ముడిపెడతారు. కాలువ అందులో ఇముడుతుంది, రోడ్డు ఇమడకపోవచ్చు. రెండూ కలిపి రాస్తే రెండూ ఆగుతాయి.

అర్జీని సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరున్న రసీదు తీసుకోండి. ఒక కాపీ కార్పొరేటరుకు, ఒకటి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఇవ్వండి. ఇక్కడి నుంచి అడగాల్సిన ప్రశ్న మారుతుంది. "మా పని ఎంతవరకు వచ్చింది" అంటే "చూస్తున్నాం" అంటారు. "అంచనా వేశారా? ఎంతకు వేశారు? పరిపాలనా అనుమతి వచ్చిందా? కౌన్సిల్ అజెండాలో పెట్టారా? టెండరు పిలిచారా?" అని ఒక్కో మెట్టూ అడగండి. కౌన్సిల్ లేని రోజుల్లో ప్రత్యేకాధికారి అనుమతిస్తారు. అంచనా వేయని అర్జీకి బడ్జెట్‌లో చోటుండదు. అందుకే మొదటి రెండు నెలలు ఏఈ ఒకసారి వచ్చి టేపు పెట్టేలా చూడటమే మీ పని.

కొండ పేటలవాళ్లకు ఒక మాట. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడే బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మీ ఇంటి పైన రాయి కదిలినా, గోడ ఉబ్బినా, మట్టి జారినా దాన్ని కాలువ అర్జీలో కలపకండి. విడిగా రాసి, "ప్రాణాపాయం" అని పైన పెట్టి, కలెక్టరేట్‌లో కూడా ఇవ్వండి. వానలు మొదలవడానికి ముందే ఇవ్వండి. రిటైనింగ్ వాల్ పెద్ద ఖర్చు, ఒక్క ఏడాదిలో రాకపోవచ్చు. కానీ పైనుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించే చిన్న కాలువ తొందరగా అవుతుంది. గోడ వచ్చేలోగా ఆ కాలువ అడగండి. మట్టి జారడానికి ముఖ్య కారణం లోపలికి ఇంకే నీరే.

కాంట్రాక్టరు రాకముందు వీధిలో తేల్చుకోవాల్సింది

పని మంజూరయ్యాక ఆగిపోయేది ఎక్కువగా మన వీధి వల్లే. ఒకరి అరుగు, ఇంకొకరి మెట్లు, బండి ఎక్కించే ర్యాంపు దారిలోకి వచ్చి ఉంటాయి. మార్కింగ్ రోజున గొడవైతే కాంట్రాక్టరు మనుషుల్ని ఇంకో పనికి తీసుకెళ్తాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. టెండరు పిలిచారని తెలియగానే ఆదివారం సాయంత్రం వీధి అంతా కూర్చోండి. మగవాళ్లను కూడా కూర్చోబెట్టండి, గొడవ పడేది వాళ్లే. అరుగు తగ్గించుకునేది ముందు సంఘం నాయకురాలే అయితే మిగతావాళ్లు కాదనలేరు. మా వీధిలో ముందు మా మెట్టే కొట్టించాం. ఆ తర్వాత ఎవరినీ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

వరస కూడా చూసుకోండి. ముందు మంచినీటి పైపు, తర్వాత డ్రైనేజీ పైపు, ఆపైన కాలువ, చివరికి సిమెంటు రోడ్డు. పైపు వేయాల్సి ఉందని తెలిసీ రోడ్డు వేయనిస్తే ఏడాది తిరక్కుండా తవ్వేస్తారు. "ఈ వీధిలో పైపులైను పని ఏదైనా మంజూరై ఉందా" అని ఏఈని రాతలో అడగండి. కుళాయి లేనివాళ్లు రోడ్డు పడకముందే డిపాజిట్ కట్టి కనెక్షను తీసుకోవాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది రోడ్డు ఎత్తు దగ్గర. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తే ప్రతిసారీ వీధి పైకి లేస్తుంది, ఇళ్లు పల్లంలో పడతాయి. పాత పేటల్లో గుమ్మం దిగి లోపలికి వెళ్లే ఇళ్లు అలా తయారైనవే. అర్జీలోనే "పాత రోడ్డు తవ్వి తీసి, గడప మట్టానికి కింద ఉండేలా వేయాలి" అని రాయండి. తవ్వకం అంచనాలో ఉంటేనే కాంట్రాక్టరు చేస్తాడు, లేకపోతే అతన్ని అడిగి లాభం లేదు.

పని నడిచేటప్పుడు అంచనా కాపీ మీ చేతిలో ఉండాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్డు జిరాక్సు పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు. అంచనా కాపీ, అగ్రిమెంటు కాపీ, ఎం-బుక్ నకలు, ఈ మూడింటినే అడగండి. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, బిల్లు దాని మీదే వస్తుంది. మీరు కొలిచిన 85 మీటర్లు అందులో ఎంతని రాశారో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

సిమెంటు పోసిన రోజున మందం కొలవండి. స్కేలు గుచ్చి ఫొటో తీస్తే ఎవరూ కాదనలేరు. క్యూరింగ్ మాత్రం మనమూ చూసుకోవాలి. కనీసం వారం రోజులు, వీలైతే రెండు వారాలు రోడ్డు ఎండకుండా తడపాలి. కాంట్రాక్టరు మనుషులు ఒక రోజు రాకపోయినా వీధిలో ఇంటికో బిందె పోస్తే సరిపోతుంది. పిల్లలు సైకిళ్లు తిప్పకుండా రెండు చివర్లా తాడు కట్టండి.

డబ్బు అడిగేవాళ్ల గురించి

ఇల్లు ఇప్పిస్తానని, పేరు ఎక్కిస్తానని డబ్బు అడిగేవాళ్లు ప్రతి విడతలోనూ వస్తారు. కొందరు మన పేటవాళ్లే, మనకు వరసైనవాళ్లే. దరఖాస్తుకు, విచారణకు, ఫొటోకు, జాబితాలో పేరుకు ప్రభుత్వం డబ్బు తీసుకోదు. లబ్ధిదారు వాటా కట్టాల్సి వస్తే అది చలానాగానో డీడీగానో బ్యాంకులో కట్టేదే, రసీదు ఉండేదే. మొహమాటపడకుండా "రసీదు ఇస్తారా అన్నా" అని అడగండి. జాబితాలో పేరు లేకపోతే ఎందుకు లేదో కారణం రాసివ్వమనండి. అభ్యంతరం పెట్టుకోవడానికి గడువు ఇస్తే ఆ గడువులోనే పెట్టండి. మా వదిన పేరు కరెంటు మీటరు వల్ల పోయింది. కారణం రాతలో ఉంది కాబట్టే ఆ మీటరు తీయించి మళ్లీ ఎక్కించగలిగాం. కారణం తెలియకుండా డబ్బిచ్చిన ఆమె పక్కింటివాళ్లకు ఇల్లూ రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు.

ఒక నోటుబుక్కు పెట్టి అర్జీ నంబర్లు, తేదీలు, ఎవరిని కలిశారు, ఏం చెప్పారన్నది సంఘం పేరున రాస్తూ ఉండండి. ఏఈలు, సెక్రటరీలు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకు మీ వీధి కథ తెలియదంతే. ఆ పుస్తకం ముందు పెడితే పని మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

పని పూర్తయి బిల్లు అయ్యాక కూడా అగ్రిమెంటులో లోపాలు సరిచేసే గడువు రాసి ఉంటుంది. ఆ గడువు తేదీని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. మొదటి పెద్ద వాన పడ్డ రోజున ఫోను పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. నీళ్లు నిలిచిన చోటు, పగిలిన చోటు, కాలువ పైకి పొంగిన చోటు ఇంటి నంబరు కనపడేలా ఫొటో తీసి, ఆ వారంలోనే ఏఈకి రాతలో ఇచ్చి రసీదు తీసుకోండి.